పరీక్షలో గీత, నోట్లో పుండు: ఎఫ్‌ఐవీ ఉన్న ఒక గండుపిల్లి కేసు

ఎఫ్‌ఐవీ అనేది పిల్లుల రోగనిరోధక శక్తిని దెబ్బతీసే వైరస్. దాని పరీక్ష కిట్ మీద పాజిటివ్ అని చెప్పే రెండో గీత కనబడగానే చాలాచోట్ల వైద్యం ఆ గీతకే మొదలవుతుంది. పిల్లికి అసలు ఎక్కడ నొప్పి పుడుతోందన్న ప్రశ్న వెనక్కి పోతుంది. ఈ కేసులో ఆ రెండింటినీ విడదీసి చూడటం వల్లనే దారి దొరికింది. అందుకే రాసిపెడుతున్నాను. యజమాని అనుమతి తీసుకున్నాను. ఊరు, పేర్లు, ఆనవాలు పట్టించే కుటుంబ వివరాలు వదిలేశాను.

నేపథ్యం

కోస్తాలో ఒక మోస్తరు పట్టణం. నా క్లినిక్కులో రక్త పరీక్షలు, మామూలు ఎక్స్‌రే ఉన్నాయి. పళ్ల వేళ్లు కనబడేంత సూక్ష్మమైన డెంటల్ ఎక్స్‌రే మాత్రం లేదు. ఆ లోటు ఈ కేసు నడకను మార్చింది కాబట్టి ముందే చెబుతున్నాను.

పిల్లి వీధిలో పుట్టి, రెండేళ్ల కిందట ఒక ఇంటి పెరట్లో చేరి, నెమ్మదిగా వంటింటి దాకా వచ్చిన ఎర్ర చారల గండుపిల్లి. వయసు ఐదారేళ్లు ఉండవచ్చు. వృషణాలు తీయించలేదు. రాత్రి ప్రహరీ దూకి వెళ్లడం, తెల్లవారి చెవి చీరుకునో మెడ మీద గాటుతోనో రావడం దానికి అలవాటు. ఒకసారి తోక మొదట్లో చీము గడ్డ కట్టి పగిలింది కూడా. ఇంట్లో అంతకుముందు నుంచే తొమ్మిదేళ్ల ఆడ పిల్లి ఉంది. దానికి పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ ఎప్పుడో అయింది. గడప దాటని జీవి. తిండి పెరుగన్నం, చేపలమ్మే ఆమె పడేసే పచ్చి చేప తలకాయలు, అప్పుడప్పుడూ ప్యాకెట్ తిండి.

వచ్చిన బాధ

నోటి నుంచి చొంగ, అందులో నెత్తుటి జీర, గదిలోకి రాగానే తెలిసే దుర్వాసన. ఆకలి లేక కాదు: గిన్నె దగ్గరికి పరుగున వచ్చేది, ఒక ముద్ద నోట పెట్టుకుని అరిచి వెనక్కి దూకేది. తర్వాత ఆ గిన్నెనే శత్రువులా చూసేది. ఈ లక్షణం ముఖ్యం. ఆకలి చచ్చిన పిల్లి గిన్నె వైపు రాదు, నోరు నొప్పిగా ఉన్న పిల్లి వచ్చి పారిపోతుంది. బరువు 3.1 కిలోలు. అంత పెద్ద ఎముకలున్న గండుపిల్లికి అది బాగా తక్కువ.

అంతకు ముందు ఏడెనిమిది నెలలుగా వేరేచోట దీర్ఘకాలం పనిచేసే స్టెరాయిడ్ ఇంజక్షన్లు, మధ్యమధ్య యాంటీబయాటిక్స్ ఇచ్చారు. మొదటి ఇంజక్షన్‌కు రెండు నెలలు హాయిగా తిన్నదట. తర్వాతిది నెల, ఆ తర్వాతిది పది రోజులు. పోనుపోను గడువు తగ్గడమే ఈ వైద్యానికి ఉన్న గుణం. వాపును అణచడంలో స్టెరాయిడ్‌కు సాటి లేదు, వాపుకు కారణమైనదాన్ని మాత్రం అది ముట్టుకోదు.

నోరు తెరిచి చూస్తే పళ్ల చుట్టూ చిగుళ్లు ఎర్రబడి ఉన్నాయి. అంతకన్నా ఘోరంగా నోటి వెనక భాగంలో, దవడలు కలిసే మడతల దగ్గర, రెండువైపులా కండ పచ్చిగా ఉబ్బి ఉంది. ఇది మామూలు చిగుళ్ల వాపు కాదు. పిల్లుల్లో దీర్ఘకాలిక జింజివోస్టొమటైటిస్ అనే జబ్బుకు ఆ వెనక మడతల వాపే గుర్తు. పళ్ల మీద పేరుకునే పాచికి రోగనిరోధక వ్యవస్థ అతిగా ఎదురు తిరగడం దీని మూలం. పిల్లుల్లో జలుబు, నోటి పుండ్లు తెచ్చే కాలిసి వైరస్‌కూ దీనికీ గట్టి సంబంధం ఉంది.

పరీక్ష చేయాలా, చేస్తే దేనికి?

ఫలితం వల్ల నా నిర్ణయం ఏదీ మారనప్పుడు పరీక్ష చేయించను. ఇక్కడ మారుతుంది. ఎఫ్‌ఐవీ గానీ, పిల్లుల్లో రక్త క్యాన్సర్ తేగల ల్యుకేమియా వైరస్ గానీ ఉంటే స్టెరాయిడ్ల విషయంలో, మత్తు ఇచ్చే ముందు జాగ్రత్తల్లో, ఇంట్లోని రెండో పిల్లి విషయంలో నా మాట వేరుగా ఉంటుంది. అందుకని రెండూ చూసే కిట్ వాడాను. కాలిసి వైరస్ పరీక్ష వద్దనుకున్నాను. ఉన్నా లేకపోయినా నోటికి చేసేది ఒకటే కాబట్టి.

ల్యుకేమియా నెగటివ్, ఎఫ్‌ఐవీ పాజిటివ్.

ఈ రెండు గీతలూ ఒకే రకం సమాచారం ఇవ్వవు. ల్యుకేమియా వైపు కిట్ వైరస్ ప్రొటీన్‌నే వెతుకుతుంది. ఎఫ్‌ఐవీ వైపు వెతికేది యాంటీబాడీలను, అంటే వైరస్‌కు శరీరం ఇచ్చిన జవాబును. అందువల్ల ఆరు నెలల లోపు పిల్లకూనల్లో తల్లి పాల ద్వారా వచ్చిన యాంటీబాడీలతో కూడా గీత పడవచ్చు. ఆ వయసు దాటాక మళ్లీ చూడాలి. కాటు పడిన తొలి వారాల్లో గీత పడకపోవచ్చు, యాంటీబాడీలు తయారు కావడానికి సాధారణంగా 60 రోజుల దాకా పడుతుంది. అమెరికాలో 2002లో వచ్చి తర్వాత మార్కెట్ నుంచి తప్పుకున్న ఎఫ్‌ఐవీ టీకా వేసుకున్న పిల్లులూ పాజిటివ్ చూపిస్తాయి. మా వీధి గండుపిల్లి విషయంలో ఈ మినహాయింపులేవీ వర్తించవు. ఒళ్లంతా కాట్ల మచ్చలున్న, వృషణాలు తీయించని మగ పిల్లిలో పాజిటివ్ నిజమయ్యే అవకాశమే ఎక్కువ. అదే గీత ఇల్లు కదలని ఆడ పిల్లిలో పడితే నేను అంత తొందరగా నమ్మను. అయినా వేరే కంపెనీ కిట్‌తో మరోసారి చూశాను, మళ్లీ పాజిటివ్ వచ్చింది. వైరస్ జన్యు పదార్థాన్నే వెతికే పీసీఆర్ పరీక్షకు పంపలేదు. ఈ వైరస్‌లో రకాలు ఎక్కువ కావడం వల్ల పీసీఆర్ నెగటివ్ వచ్చినా దాన్ని పట్టుకుని పాజిటివ్‌ను కొట్టేయలేం.

రక్త పరీక్షలో ఎర్రకణాల శాతం, అంటే పీసీవీ, 26. తక్కువే. న్యూట్రోఫిల్స్ అనే తెల్లకణాలు కింది హద్దు దగ్గర. మూత్రపిండాల పనితీరును చూపే క్రియాటినిన్ మామూలు. రక్తంలోని ప్రొటీన్లలో అల్బుమిన్ 2.6, గ్లోబ్యులిన్ 5.6. విదేశంలో ఉన్న యజమాని కొడుకు ఈ అంకెలు చూసి ఫోన్ చేశాడు. గ్లోబ్యులిన్ పెరిగింది కదా, ఇది ఎఫ్‌ఐపీ అనే ప్రాణాంతక జబ్బేమో, దానికిప్పుడు జీఎస్-441524 అనే మందుందట, మొదలుపెట్టకూడదా అని. మంచి ప్రశ్నే. అల్బుమిన్‌ను గ్లోబ్యులిన్‌తో భాగిస్తే 0.4 కన్నా తక్కువ వస్తే ఎఫ్‌ఐపీని గట్టిగా అనుమానిస్తాం, 0.8 దాటితే దాదాపు పక్కన పెడతాం. ఇక్కడ 0.46, అంటే ఎటూ తేలని చోటు. కానీ జ్వరం లేదు, పొట్టలో నీరు లేదు, కళ్లు శుభ్రంగా ఉన్నాయి. నెలల తరబడి నోరు పుండైన పిల్లిలో గ్లోబ్యులిన్ పెరగడానికి ఆ నోరే చాలు, ఎఫ్‌ఐవీ కూడా పెంచుతుంది. ఎఫ్‌ఐపీ కరోనా వైరస్ వల్ల వచ్చేది. 2019లో అమెరికా పశువైద్య శాస్త్రవేత్త పెడర్సెన్ బృందం ఫలితాలు ప్రచురించిన నాటి నుంచి ఆ మందు ఆ జబ్బు తలరాతనే మార్చింది. ఎఫ్‌ఐవీ మీద మాత్రం దానితో పని లేదు. ఎఫ్‌ఐవీని 1986లో కాలిఫోర్నియాలో గుర్తించిన వారిలోనూ ఇదే పెడర్సెన్ ఉండటం వల్ల ఇంటర్నెట్‌లో వెతికేవారికి రెండూ కలగాపులగం అవుతుంటాయి.

ఇంట్లోవాళ్ల ప్రశ్నలు

రిపోర్టు చేతికి వెళ్లిన సాయంత్రమే యజమాని మళ్లీ వచ్చారు. నడివయసు దాటిన ఆవిడ.

"డాక్టరు గారూ, ఫోన్లో చూస్తే పిల్లుల ఎయిడ్స్ అని ఉంది. మా అమ్మాయి పురిటికి వస్తోంది. అల్లుడి వైపు వాళ్లు చేపల మార్కెట్లో వదిలేయమంటున్నారు, అక్కడ తిండికి లోటుండదని."

"ఎక్కడా వదలక్కర్లేదమ్మా. ఇది మనుషులకు అంటేది కాదు."

"చంటిబిడ్డకు కూడా?"

"ఎవరికీ అంటదు. కరిచినా అంటదు. అయితే కరిస్తే రేబిస్ సంగతి మాత్రం చూసుకోవాలి."

ఎఫ్‌ఐవీ, మనుషుల హెచ్ఐవీ రెండూ లెంటి వైరస్ కుటుంబానివే. అయినా దేని జీవి దానిదే. గర్భిణి ఉన్న ఇంట్లో నేను అడగవలసిన ప్రశ్న వేరు, అది కడుపులోని బిడ్డకు హాని చేయగల టాక్సోప్లాస్మా. పచ్చి మాంసం, ఎలుకలు తినే పిల్లి మలంలో ఆ పరాన్నజీవి గుడ్లు కొంతకాలం పడవచ్చు. పడిన వెంటనే అవి అంటవు, కనీసం ఒక రోజు గడవాలి. కాబట్టి మలం పెట్టెను రోజూ శుభ్రం చేయాలి, ఆ పని గర్భిణి చేయకూడదు, పచ్చి చేప తలకాయలు ఆ రోజు నుంచే బంద్. ఈ చివరిది గండుపిల్లి కోసం కూడా. నిరోధక శక్తి తగ్గిన పిల్లికి పచ్చి మాంసంలోని క్రిములు మరింత ప్రమాదం.

మార్కెట్లో వదలడం గురించి కాస్త కటువుగానే చెప్పాను. కాట్లాడే మగ పిల్లిని, వైరస్ ఉందని తెలిసీ, ఇరవై పిల్లులున్న చోట వదలడం కన్నా చెడ్డ ఆలోచన లేదు. ఈ వైరస్ ముఖ్యంగా లోతైన కాటుతో, లాలాజలం కండలోకి దిగి పాకుతుంది.

ఇక ఆడ పిల్లి సంగతి. దాని పరీక్ష నెగటివ్. ఒకే గిన్నెలో తినడం, ఒళ్లు నాకడం వల్ల ఎఫ్‌ఐవీ పాకడం అరుదు. ల్యుకేమియా వైరస్ అలా కాదు, లాలాజలం ద్వారా స్నేహంగా ఉండే పిల్లుల మధ్య కూడా పాకుతుంది. అదే వచ్చి ఉంటే నా సలహా పూర్తిగా వేరుగా ఉండేది. ఇక్కడ మాత్రం గండుపిల్లికి ఆపరేషన్ అయ్యి కొన్ని వారాలు గడిచి హార్మోన్ల వేడి తగ్గేదాకా వేరే గదిలో ఉంచి, తర్వాత కలపమన్నాను. రెండు నెలలు దాటాక ఆడ పిల్లిని మళ్లీ పరీక్షించాం. నెగటివే.

"ఎంతకాలం బతుకుతాడు?" అన్న ప్రశ్నకు అంకె చెప్పలేదు. ఇంటిపట్టున ఉండి బాగా చూసుకుంటే ఎఫ్‌ఐవీ పిల్లులు చాలావరకు వైరస్ లేని పిల్లులంత కాలమూ బతుకుతాయి. తొలి వారాల్లో జ్వరం, గ్రంథుల వాపు వచ్చిపోయి, తర్వాత ఏళ్ల తరబడి ఏ బాధా లేకుండా గడిచిపోతుంది. కొన్నింటిలోనే నిరోధక శక్తి నిజంగా కుంటుపడే దశ వస్తుంది. మా పిల్లి ఏ దశలో ఉందో నోరు బాగయ్యేదాకా చెప్పలేనన్నాను. పుండైన నోటితో ఎండిపోతున్న పిల్లి, వైరస్ ముదిరిన పిల్లి పైకి ఒకేలా కనిపిస్తాయి.

చేసినవి, ఫలించనివి

స్టెరాయిడ్ ఆపేశాం. అయితే పాత ఇంజక్షన్ ప్రభావం వారాల పాటు ఒంట్లో ఉంటుంది కాబట్టి వెంటనే మెలోక్సికామ్ లాంటి నొప్పి మందు ఇవ్వలేదు. రెండూ కలిస్తే పొట్టలో పుండ్లు, మూత్రపిండాలకు దెబ్బ. ట్రమడాల్ చుక్కలు ప్రయత్నించాం. ఆ చేదుకు పిల్లి నురగలు కక్కింది, అసలే నోరు మంట. రెండో రోజే మానేశాం. గాబాపెంటిన్ పొడిని చేపల ఉడుకునీళ్లలో కలిపితే మాత్రం తాగింది, నొప్పీ కొంత అదుపులోకి వచ్చింది. ఎవరో పారాసిటమాల్ సగం బిళ్ల వేయమన్నారట. ఆవిడ నన్ను అడిగి మంచిపని చేశారు. దాన్ని విరగ్గొట్టే శక్తి పిల్లి కాలేయానికి లేదు, ఒక్క బిళ్ల ప్రాణం తీయగలదు.

అమాక్సిసిలిన్-క్లావ్యులానేట్, నోటికి క్లోర్‌హెక్సిడిన్ జెల్ ఇచ్చాను. దుర్వాసన తగ్గింది, మెత్తటి తిండి తిన్నది. మందు ఆపిన రెండు వారాలకు మళ్లీ మొదటికి వచ్చింది. రోగం నయమవుతుందని నేను ఇవ్వలేదు. ఆపరేషన్‌కు ముందు క్రిముల భారం తగ్గించి, కాస్త బరువు పెంచడానికి ఇచ్చాను. ఆ పని అయింది. 3.4 కిలోలకు వచ్చింది, పీసీవీ 29కి పెరిగింది.

పళ్లు తీయడం

ఆవిడకు ఇది మింగుడుపడని మాట. పుచ్చిన పన్ను తీస్తారు గానీ గట్టిగా ఉన్న పళ్లెందుకు తీస్తారు? నా తర్కం ఇది. శరీరం ఎదురు తిరుగుతున్నది పంటి మీద పాచికి. పిల్లికి రోజూ పళ్లు తోమడం సాధ్యమయ్యే పని కాదు, ఈ నోటితో అసలే కాదు. నిరోధక శక్తిని మందుతో అణచడం మామూలు పిల్లిలో రెండో దారి, ఎఫ్‌ఐవీ ఉన్న పిల్లిలో నేను చివరిదాకా తొక్కని దారి. కాబట్టి పాచి అంటుకునే చోటే లేకుండా చేయాలి. 95 పిల్లుల మీద 2015లో వచ్చిన ఒక అధ్యయనంలో, పళ్లు తీశాక దాదాపు మూడింట రెండు వంతుల పిల్లులకు పూర్తిగా గానీ చాలావరకు గానీ తగ్గింది. మిగిలినవాటికి అంతగా లాభం లేదు. ఈ రెండో మాట కూడా ఆవిడకు ముందే చెప్పాను. వెనక పళ్లు మాత్రమే తీసినా, అన్నీ తీసినా ఫలితంలో పెద్ద తేడా కనబడలేదని కూడా అదే అధ్యయనం చెప్పింది. అందుకే ముందు వెనకవి తీద్దామని నిర్ణయించాం: పిల్లికి మొత్తం 30 పళ్లు, అందులో దవడ పళ్లు 14.

ఆ పని నేను చేయలేదు. వేరు ముక్క చిగురులో మిగిలితే వాపు తగ్గదు, మిగిలిందో లేదో డెంటల్ ఎక్స్‌రే లేకుండా తెలియదు. పెద్ద నగరంలో ఆ సదుపాయమున్న చోటికి పంపాను. ప్రయాణం, ఖర్చు రెండూ ఆ కుటుంబానికి భారమే. కానీ సగం చేసిన ఆపరేషన్‌కు మళ్లీ మత్తు, మళ్లీ ఖర్చు. అదే మత్తులో వృషణాలు కూడా తీయమని, మెడ పక్క నుంచి అన్నవాహికలోకి తిండి గొట్టం పెట్టమని చీటీలో రాశాను. గొట్టం చూసి ఆవిడ బెదిరిపోయారు. అయినా మొత్తం వైద్యంలో నాకు అన్నింటికన్నా ఉపకరించినది అదే. పిల్లి కొద్ది రోజులు తినకపోతే కొవ్వు కాలేయంలో పేరుకుని అదే ప్రాణాంతకమవుతుంది. గొట్టం ఉంటే పుండైన నోటిని ముట్టుకోకుండా తిండి, మందులు, నీళ్లు అన్నీ వెళ్తాయి. వారం తిరిగేసరికి ఆవిడ సిరంజితో చికెన్ గుజ్జు ఎక్కించడంలో నిపుణురాలయ్యారు.

మూడు నెలలకు నోరు సగానికి పైగా బాగుపడింది. తర్వాత అక్కడే ఆగింది. కోరల చుట్టూ ఎర్రదనం, వెనక మడతల్లో పచ్చి అలాగే ఉన్నాయి.

జిడోవుడిన్ ప్రయత్నం

ఈ దశలో రెండు దారులు. మిగిలిన పళ్లూ తీయడం, లేదా వైరస్ మీదికి వెళ్లడం. మనుషుల హెచ్ఐవీకి వాడే జిడోవుడిన్‌కు ఎఫ్‌ఐవీ పిల్లుల నోటి పుండ్లలో కొంత మేలు చేసిన చరిత్ర ఉంది. పిల్లల సిరప్ మన మందుల షాపుల్లో దొరుకుతుంది కాబట్టి కొలిచి ఇవ్వడం తేలిక. చెడు ప్రభావం రక్తహీనత. పీసీవీ 29 ఉన్న పిల్లిలో అది చిన్న విషయం కాదు. కిలోకు 5 మిల్లీగ్రాముల చొప్పున, అంటే వాడే మోతాదుల్లో కింది అంచున, రోజుకు రెండుసార్లు మొదలుపెట్టి వారం వారం రక్తం చూశాం. మూడో వారానికి పీసీవీ 23. నోట్లో నాకు గానీ ఆవిడకు గానీ తేడా కనబడలేదు. ఇంకా దిగేదాకా ఆగడంలో అర్థం లేదని ఆపేశాను. నెల తర్వాత పీసీవీ తిరిగి 28.

కొన్ని వారాలు ఇంకా చూడవలసింది అనే వైద్యులుంటారు. మేలు కనబడని మందు కోసం రక్తాన్ని పణంగా పెట్టడం నాకు ఇష్టం లేదు.

అప్పుడు మిగిలిన పళ్లు కూడా తీయించాం. ఈసారి కోలుకోవడం తేలికైంది. ఐదో నెలకు వెనక మడతలు లేత గులాబీ రంగుకు వచ్చాయి, బరువు 4.4 కిలోలు. గ్లోబ్యులిన్ కూడా దిగింది, ఎఫ్‌ఐపీ అనుమానం దానితోనే పోయింది. పళ్లులేని పిల్లి ఏం తింటుందని బంధువులు అడుగుతుంటారట. ఉడికించి చిదిపిన చికెన్, తడి తిండి, ఒక్కోసారి గట్టి గింజలు కూడా చప్పరించి మింగేస్తోంది. పిల్లి ఎలాగూ నమిలి తినే జంతువు కాదు.

ఇంట్లో కట్టుబాట్లు

బయటికి వదలకూడదన్నది అన్నింటికన్నా కష్టమైన సలహా. తలుపు దగ్గర రాత్రంతా అరిచేది, పక్కింటివాళ్లు గొడవకు వచ్చారు. కిటికీలకున్న దోమల జాలీని ఒక్క పూటలో చింపేసింది. సన్నని ఇనుప జాలీ బిగించి, పిట్టగోడ కనబడేలా కిటికీ దగ్గర ఎత్తుగా ఒక చెక్క పెట్టించాను. తిండిని రాత్రి పడుకునే ముందుకు మార్చాం. ఆపరేషన్ తర్వాత రెండు నెలలకు అరుపులు తగ్గాయి.

మధ్యలో చెవి మీద తామర వచ్చింది. షాపులో గ్రిసియోఫుల్విన్ ఇచ్చారని ఆవిడ ఫోటో పంపారు. ఎఫ్‌ఐవీ పిల్లుల్లో ఆ మందు ఎముక మజ్జను దెబ్బతీసి తెల్లకణాలను పడగొడుతుంది. బదులుగా ఇట్రాకొనజోల్ రాశాను. ఇలాంటి చోట్లే ఎఫ్‌ఐవీ ఉందన్న సంగతి నిజంగా అక్కరకొచ్చింది. అందుకని పిల్లి పుస్తకం మొదటి పేజీలో పెద్దక్షరాలతో రాయించాను: స్టెరాయిడ్, గ్రిసియోఫుల్విన్ ముందు నన్ను అడగాలి.

టీకాల్లో రేబిస్‌ది వేశాం, అది చంపిన వైరస్‌తో చేసినది. మూడు జబ్బుల టీకా నాకు దొరికినది బలహీనపరచిన బతికున్న వైరస్‌తో చేసినది. ఆరోగ్యంగా ఉన్న ఎఫ్‌ఐవీ పిల్లికి అదైనా వేయవచ్చని చాలామంది అంటారు. ఇది ఇంటిపట్టున ఉన్న పెద్ద పిల్లి, న్యూట్రోఫిల్స్ ఇంకా హద్దు దగ్గరే ఉన్నాయి, కాబట్టి వాయిదా వేశాను. ఆడ పిల్లికి మాత్రం వేశాను.

ఇప్పటి పరిస్థితి

ఆరు నెలలకోసారి బరువు, రక్తం, మూత్రం, నోరు చూస్తున్నాం. ఇంట్లో ఇప్పుడు పాకే వయసు పాప ఉంది, పిల్లి తిండి గిన్నె బల్ల మీదికి మారింది. నోటికి మందులేవీ వాడటం లేదు. మొన్నటి పరీక్షలో క్రియాటినిన్ మునుపటి కన్నా కొద్దిగా పెరిగి 1.9 వచ్చింది, మూత్రం చిక్కదనం 1.028, కాస్త పలుచనే. ఎఫ్‌ఐవీ పిల్లుల్లో మూత్రపిండాల జబ్బు కనిపిస్తుంటుంది. బరువుతో పాటు కండ పెరిగినా క్రియాటినిన్ కొంత పెరుగుతుంది. ఏదో తేల్చడానికి మూత్రంలో ప్రొటీన్ నిష్పత్తి, రక్తపోటు చూడాలి. ఆరు వారాల్లో రమ్మన్నాను. అప్పటిదాకా తడి తిండిలో నీళ్లు ఎక్కువ కలపమని చెప్పాను, మందేమీ రాయలేదు.